ఏ కాలు ముందు?

మోకాలు ఇక నా వల్ల కాదంది. 2003లో, 34 ఏళ్లకు వాలీబాల్ ఆడటం మానేశాను. స్పోర్ట్స్ కోటాలో వచ్చిన ఉద్యోగం ఉంది కాబట్టి తిండికి లోటు లేదు. కానీ సాయంత్రం నాలుగయితే కాళ్లు వాటంతటవే హన్మకొండ జేఎన్ఎస్ స్టేడియం వైపు పోయేవి. పిల్లలకు నేర్పుదామనిపించింది. దానికి కాగితం ఉంటే మంచిదన్నారు: కోచ్‌లను తయారుచేసే జాతీయ క్రీడా సంస్థ, పటియాలా ఎన్ఐఎస్‌లో ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సు.

నా టోర్నమెంట్ సర్టిఫికెట్లలో ఇంటిపేరు ఒక్కోదాంట్లో ఒక్కో తీరుగా ఉంది. ఆడే రోజుల్లో ఎవడు చూసుకున్నాడు! నోటరీతో అఫిడవిట్ రాయించి పంపాను.

ఎన్ఐఎస్ ఉన్నది పాత మోతీబాగ్ ప్యాలెస్‌లో. పొద్దున గ్రౌండ్, ఆ తర్వాత క్లాసులు. స్మాష్ కొట్టడానికి బంతి ఎత్తి ఇచ్చేవాణ్ణి మనం లిఫ్టర్ అంటాం, అక్కడ సెట్టర్ అన్నారు. రూల్స్ నాకు తేలికే. సర్వీస్ చేసిన జట్టుకే పాయింటు వచ్చే 15 పాయింట్ల సెట్లూ ఆడాను, 1999లో మారాక ప్రతి ర్యాలీకీ పాయింటు వచ్చే 25 పాయింట్ల సెట్లూ ఆడాను.

చిక్కల్లా రెండో వారంలో వచ్చింది. స్మాష్ ఎలా నేర్పుతావో చూపించమన్నారు. పరిగెత్తి కొట్టాను, బంతి చక్కగా దిగింది. "ఏ కాలు ముందు?" అన్నారు సార్. నోట మాట రాలేదు. పీవీ సింధు నాన్న పీవీ రమణ ఉన్న మన దేశం జట్టు సియోల్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన 1986లో ఆట పట్టినవాణ్ణి, పదిహేడేళ్లు స్మాష్ మీదే బతికినవాణ్ణి! ఈసారి కాళ్లను చూసుకుంటూ పరిగెత్తాను. అడుగు తప్పి నెట్‌లో పడ్డాను. కుర్రాళ్లు ఒకటే నవ్వు.

ఆ రాత్రి హాస్టల్ వరండాలో బంతి లేకుండానే నడిచాను. ఎడమ, కుడి, ఎడమ, ఎగరడం. కుడిచేతివాటం వాడికి ఆఖరి ఎడమ అడుగు కాస్త ముందుకు పడి బ్రేకు వేస్తే, పరుగు ఊపు పైకి మళ్లుతుంది. దిగడం మాత్రం రెండు కాళ్ల మీద, మోకాళ్లు వంచి. నేనేమో ఎప్పుడూ ఎడమ కాలి మీదే దిగాను. పోయిందీ ఎడమ మోకాలే. ఇన్నాళ్లూ మా కాలేజీ గట్టి నేలను తిట్టుకున్నాను, పాపం.

కోర్సు పాసై వచ్చాక, మొదటి వారమంతా పిల్లలతో నెట్ కట్టకుండా ఎగరడం, దిగడమే చేయించాను. మూడో రోజే ఒకడు మొహం మాడ్చుకుని అడిగాడు: "సార్, బాలెప్పుడిస్తరు?"

"రెండు కాళ్ల మీద దిగినంక."