కావలి డాబా మీద అయనోస్ఫియర్ లాగ్: పొద్దుగూకాక బుడగల వేట

అయనోస్ఫియర్ అంటే ఎండకు గాలి అయాన్లుగా, ఎలక్ట్రాన్లుగా విడిపోయి ఉండే పై పొరలు. పొద్దుగూకాక అందులో ఎలక్ట్రాన్లు పలచబడ్డ ‘ప్లాస్మా బుడగలు’ పుట్టి జీపీఎస్ సిగ్నళ్లను కుదుపుతాయి; వాటిని డాబా మీంచి పట్టుకోవడమే ఈ పని. యాంటెన్నా, కేబుల్, రిసీవర్ మూడూ కుదురుకున్నాయి. యూ-బ్లాక్స్ జెడ్ఈడీ-ఎఫ్9పీ రిసీవర్ బోర్డు, రెండు బ్యాండ్ల సర్వే యాంటెన్నా, రికార్డింగుకు రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్. సెకనుకోసారి ముడి ఫేజ్ (సిగ్నల్ తరంగం దశ) మెసేజీ ఒక్కటే రికార్డవుతోంది. ఒక్కో సిగ్నల్‌కు 32 బైట్లు, 60 సిగ్నళ్లకు రోజుకు సుమారు 165 ఎంబీ. దీనికి సీరియల్ లైను 38400 బాడ్ (సెకనుకు అన్ని బిట్ల) వేగం చాలు. 5 హెర్ట్జ్‌కు పెంచితే మాత్రం సీరియల్ లైను తట్టుకోదు, మెసేజీలు మధ్యలో రాలిపోతాయి. యూఎస్‌బీ వాడడమే మేలు.

వెతుకుతున్నది అయనోస్ఫియర్‌లో కింద ఉండే ఈ-లేయర్‌కూ దాని పైనున్న ఎఫ్-లేయర్‌కూ ఉన్న విద్యుత్ లంకె. భూమి అయస్కాంత రేఖల వెంబడి వాహకత చాలా ఎక్కువ కాబట్టి కింద పుట్టిన విద్యుత్ క్షేత్రం పైకీ, పైన పుట్టింది కిందికీ పాకుతుంది. ఎఫ్-లేయర్‌లో వీచే గాలులు పగలు కూడా క్షేత్రం పుట్టించబోతాయి. కానీ అవే రేఖల రెండు కొసల్లోనూ 100 కి.మీ. ఎత్తున ఈ-లేయర్ కాచుకుని ఉంటుంది. బ్యాటరీ కొసలను రాగి తీగతో కలిపినట్టు, ఛార్జి అంతా దాని గుండా కారిపోతుంది. ఈ-లేయర్‌లోవి ఎన్ఓ+, ఓ2+ లాంటి అణు అయాన్లు; ఎండ పోతే ఎలక్ట్రాన్లతో కలిసి త్వరగా తటస్థమవుతాయి. పైనున్న ఆక్సిజన్ పరమాణు అయాన్లకు అంత తొందర లేదు. దాంతో పొద్దుగూకాక షార్ట్ తెగుతుంది, ఎఫ్-లేయర్ పైకి లేస్తుంది, దాని అడుగు అంచున ప్లాస్మా బుడగలు మొదలవుతాయి.

100 కి.మీ. ఎత్తున సూర్యాస్తమయం నేల మీది కన్నా సుమారు 40 నిమిషాలు ఆలస్యం. మార్చి మూడో వారంలో కావలిలో 6.20కి పొద్దు కుంకితే ఈ-లేయర్‌కు ఏడవుతుంది. గ్రాఫు చూడాల్సింది అప్పటి నుంచే. మన దగ్గర అయస్కాంత ఉత్తరం దాదాపు అసలు ఉత్తరమే కాబట్టి మార్చి–ఏప్రిల్, సెప్టెంబర్–అక్టోబర్‌లలో రేఖ రెండు కొసలకూ ఒకేసారి చీకటి పడుతుంది. సీజన్ అదే. జూన్‌లో ఉత్తరపు కొస ఇంకా ఎండలో ఉంటుంది.

లెక్క ఇలా: జీపీఎస్ పంపే రెండు ఫ్రీక్వెన్సీలు ఎల్1, ఎల్2. ఎల్1 ఫేజ్‌లోంచి ఎల్2 ఫేజ్ తీసేసి (రెండూ మీటర్లలో) 9.52తో గుణిస్తే టెక్ (సిగ్నల్ దారిలోని మొత్తం ఎలక్ట్రాన్ల కొలత) యూనిట్లు. యూరప్ వారి గెలీలియో ఉపగ్రహాల ఈ1, ఈ5బీలకు 8.76. ఒకే గుణకం అన్నిటికీ వాడితే 8 శాతం తేడా కొడుతుంది. 30 సెకన్లకోసారి మార్పును నిమిషానికి లెక్కగట్టి, 5 నిమిషాల ప్రామాణిక విచలనం తీయాలి. 0.5 దాటితే బుడగ అని అనుమానించవచ్చు. లాక్‌టైమ్ (సిగ్నల్‌ను తెగకుండా పట్టుకున్న సమయం) సున్నాకు పడిన చోట ఆర్క్ (ఆ ఉపగ్రహం గీత) తెంపాల్సిందే, లేకపోతే సైకిల్ స్లిప్ (ఫేజ్ లెక్కలో హఠాత్తు గంతు) బుడగలా కనిపిస్తుంది. పాత ఐఐఆర్ తరం జీపీఎస్ ఉపగ్రహాలు ఎల్2సీ (ఈ బోర్డు చదివే ఎల్2 సిగ్నల్) పంపవు. వాటి రెండో ఫేజ్ లేకపోవడం లోపం కాదు. ఈ బోర్డుతో ఎస్4 (సిగ్నల్ బలం ఎంత మిణుకుమంటోందో చెప్పే సూచిక) లెక్కగడదామంటే సిగ్నల్ బలం 1 డీబీ మెట్లలోనే వస్తుంది, చిన్న విలువలు నమ్మదగ్గవి కావు.

చుట్టూ రొయ్యల చెరువులున్న చోట ఆకాశంలో కిందుగా ఉన్న ఉపగ్రహాల సిగ్నళ్లు నీటి మీద పరావర్తనం చెంది గ్రాఫును అలలు అలలుగా ఊపుతాయి. 30 డిగ్రీల కింద కోసేయండి. అనుమానం మిగిలితే మర్నాటి గ్రాఫు చూడండి: జీపీఎస్ విషయంలో పరావర్తనమైతే 4 నిమిషాలు ముందుగా అదే ఆకారం మళ్లీ వస్తుంది, బుడగైతే రాదు. ఉప్పుగాలికి కనెక్టర్ చిలుమెక్కి కేబుల్లోకి నీరు దిగితే ఉపగ్రహాల సిగ్నళ్లన్నీ కలిసి పడిపోతాయి. బుడగ వాటిలో కొన్నిటినే పడగొడుతుంది, ముందు పడమటి వాటిని, ఎందుకంటే అది తూర్పుకు కదులుతుంది. కనెక్టర్ల మీద సెల్ఫ్ అమాల్గమేటింగ్ టేపు చుట్టడం తప్పనిసరి. సాయంత్రం కరెంటు పోతే ఆర్కులన్నీ తెగుతాయి కాబట్టి 12 వోల్టుల బ్యాటరీ కూడా.

అన్నిటికన్నా ఆసక్తికరం దిక్కుల లెక్క. 30 డిగ్రీల ఎత్తున దక్షిణంగా కనిపించే ఉపగ్రహం సిగ్నల్ 350 కి.మీ. ఎత్తున ఎఫ్-లేయర్‌ను దాదాపు తమిళనాడు తీరంలోని వేదారణ్యం మీద దాటుతుంది, ఉత్తరానిది మహారాష్ట్రలోని చంద్రపూర్ దగ్గర. అయస్కాంత రేఖలు వంపు తిరిగి ఉంటాయి కాబట్టి కావలి నడినెత్తిన బుడగ తగలాలంటే అది అయస్కాంత భూమధ్యరేఖ (మనకు దక్షిణాన, ఆ రేఖలు నేలకు సమాంతరంగా ఉండే చోటు) మీద సుమారు 440 కి.మీ.కు, చంద్రపూర్ వైపు తగలాలంటే సుమారు 630 కి.మీ.కు ఎదిగి ఉండాలి. దక్షిణాన ఒక్కటే గీత వణికితే చిన్న బుడగ, వరుసగా ఉత్తరానికి పాకితే పెద్దది. ఒక్క రిసీవర్‌తో ఎత్తు అంచనా కట్టే దారి ఇదే.

తర్వాతి పని ఆర్ఎం3100 మాగ్నెటోమీటరు (అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే సెన్సర్), పగటి ఈ-లేయర్ కరెంటు కోసం. సెన్సర్‌కు ఉష్ణోగ్రతతో డ్రిఫ్ట్ ఉంటుంది, కాబట్టి మీటరు లోతున పాతాలి. బోరు మోటారుకూ బైకులు ఆపే చోటుకూ దూరంగా.