పుట్ట లేని చోట మొలిచిన తెల్ల గొడుగులు

గత శ్రావణంలో నాలుగు రోజుల ముసురు వెలిసిన ఉదయం, మా అపార్ట్‌మెంటు వెనుక పచ్చికలో అరచేతి కన్నా వెడల్పైన తెల్లని పుట్టగొడుగులు వలయంగా మొలిచి కనిపించాయి. ఖమ్మం జిల్లా పల్లెలో పెరిగి, చిన్ననాట ఏటా వానాకాలంలో పుట్టల వెంట తిరిగి పుట్టగొడుగులు ఏరిన మా పెద్దమ్మ, వాటిలో బాగా విప్పారినది ఒకటి, ఇంకా విప్పుకోని లేతవి ఐదారు పెకలించి పళ్లెంలో వేసుకొని వంటింటికి తెచ్చింది. "ఎన్నాళ్లయిందిరా ఇవి తిని! ఉల్లిపాయ వేసి కూర చేస్తాను" అంటున్నప్పుడు ఆమె ముఖంలోని సంతోషాన్ని చూస్తూ వద్దనడం నాకు కష్టమైంది. అయినా ఒక్క రాత్రి ఆగమని బతిమాలాను.

నా అనుమానానికి కారణం వాటి కాడ మొదలు. పుట్టగొడుగు అన్న పేరులోనే అది ఎక్కడ పుడుతుందో ఉంది. చెదపురుగులు పుట్ట లోపల ఒక శిలీంధ్రాన్ని ఆహారం కోసం పెంచుతాయి. వానలు పడ్డాక ఆ శిలీంధ్రమే, అంటే టెర్మిటోమైసెస్, నేలను చీల్చుకొని గొడుగుగా పైకి వస్తుంది. అందుకే దాని కాడ నేలతో ఆగిపోక, వేరులాంటి పొడవాటి తోకగా పుట్ట లోపలికి దిగి ఉంటుంది. పెద్దమ్మ తెచ్చినవాటికి ఆ తోక లేదు. కాడ కింద కొంచెం ఉబ్బి అక్కడితో ముగిసింది. గొడుగు నడినెత్తిన గోధుమరంగు పొలుసులున్నాయి, కాడ చుట్టూ ఉన్న ఉంగరం వేలితో జరిపితే పైకీ కిందికీ కదిలింది.

పురుగులు తిన్నాయి కాబట్టి మనమూ తినవచ్చని, పసుపు వేసి ఉడికిస్తే విషం ఉన్నదీ లేనిదీ రంగులో తెలుస్తుందని పెద్దమ్మ వాదించింది. ఈ రెండు నమ్మకాలూ ప్రమాదకరమైనవే. మనిషిని చంపే పుట్టగొడుగులను నత్తలు, పురుగులు నిశ్చింతగా తింటాయి. వాటిలోని విషానికి పసుపు గానీ వెండి చెంచా గానీ రంగు మారదు.

ఆ రాత్రి విప్పారిన గొడుగును కాడ నుంచి వేరు చేసి, కింది రేకులు కాగితానికి ఆనేలా తెల్ల కాగితంపై ఉంచి గిన్నె బోర్లించాను. తెల్లవారి చూస్తే కాగితంపై రాలిన సిద్ధబీజాల పొడి మసక ఆకుపచ్చగా ఉంది. పుట్టలో పెరిగే అసలు పుట్టగొడుగుదైతే లేత గులాబీ ఛాయలో ఉండేది. ఈ ఆకుపచ్చ పొడి క్లోరోఫిల్లం మోలిబ్డైటిస్ అనే విషజాతికి గుర్తు. ముదిరాక దీని రేకులు కూడా పచ్చబారతాయి కానీ, లేతగా ఉన్నప్పుడు తెల్లగానే ఉంటాయి. జనం కూరకు ఏరుకునేది ఆ లేతవాటినే. అయితే ఈ పరీక్ష కొన్నింటిని పారేయడానికి పనికొస్తుందే తప్ప, తినవచ్చని హామీ ఇవ్వదు. అన్నింటికన్నా ప్రాణాంతకమైన అమానిటా ఫాలోయిడిస్ అనే జాతి పొడి తెల్లగా ఉంటుంది.

క్లోరోఫిల్లం తింటే సాధారణంగా ఒకటి నుంచి మూడు గంటల్లో తీవ్రమైన వాంతులు, విరేచనాలు మొదలవుతాయి. ప్రాణం పోవడం అరుదే అయినా, ఒంట్లో నీరు ఇంకిపోయి పిల్లలు, వృద్ధులు ఆసుపత్రి పాలవుతారు. అమానిటా తీరు వేరు. తిన్న ఆరు గంటల వరకు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువసేపు, ఏమీ తెలియదు. తర్వాత వాంతులు, విరేచనాలు పట్టుకొని, ఒక రోజు తగ్గినట్టే అనిపిస్తుంది. ఆ తెరిపిలోనే విషం కాలేయ కణాల్లో ప్రోటీన్ల తయారీకి అవసరమైన ఎంజైమును అడ్డుకొని కాలేయాన్ని నాశనం చేస్తూ ఉంటుంది. ఉడికించినా ఎండబెట్టినా ఈ విషం పోదు. 2020 ఏప్రిల్‌లో మేఘాలయలోని పశ్చిమ జైంతియా కొండల్లో అడవి పుట్టగొడుగులు తిని ఆరుగురు మరణించారు.

కాబట్టి ఎవరైనా తిన్నారని తెలిస్తే, వాంతులు ఆగాయని ఊరుకోకుండా, అదే కూర తిన్న అందరినీ, బాగున్నవారిని సైతం, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మిగిలిన పుట్టగొడుగును ప్లాస్టిక్ సంచిలో కాక కాగితంలో చుట్టి వెంట తీసుకెళ్లి, ఏ సమయంలో తిన్నారో వైద్యుడికి చెప్పాలి.

పెద్దమ్మ ఆ ఆకుపచ్చ మరకను చాలాసేపు చూసి, పళ్లెంలోవన్నీ తానే గొయ్యి తీసి పూడ్చింది. పచ్చికలో ఆడుకునేది వాచ్‌మన్ పిల్లలు కనుక, ఆ కాగితాన్ని తీసుకెళ్లి వాళ్లమ్మకు కూడా చూపించింది.