క్రేన్ స్టాక్‌లో లైపో: నా ఎమ్4 పని ఎంతవరకు వచ్చిందంటే

నా ఎమ్4 నిజం తుపాకీ కాదు, బీబీలనే చిన్న ప్లాస్టిక్ గుళ్లు కాల్చే ఎయిర్‌సాఫ్ట్ ఆటతుపాకీ, బ్యాటరీతో నడిచేది. దానికి వెనకవైపు వైరింగ్. గేర్‌బాక్స్ నుంచి వైర్లు వెనక ఉండే బఫర్ ట్యూబ్‌లోకి (స్టాక్ జారేది దీని మీదే) వచ్చి, అక్కడే బ్యాటరీకి కలుస్తాయి. తుపాకీతో పాటు వచ్చిన స్టాక్, అంటే భుజానికి ఆనించే వెనక భాగం, బక్కపలచటిది, అందులో దాచుకోవడానికి చోటే లేదు. ట్యూబులో సన్నటి పొడుగు లైపో (లిథియం పాలిమర్ బ్యాటరీ) ఒక్కటి పడుతుంది, అది కూడా ప్లగ్గుని పక్కకి వంచి కుక్కితేనే. ఆట మధ్యలో బ్యాటరీ మార్చాలంటే గ్లవ్స్ తీసి, వెనక మూత ఊడదీసి, లోపలికి వేలు పెట్టి కెలకాలి. డాలస్ ఎండలో, గాగుల్స్ లోపల చెమట కారుతుంటే, ఆ పని మహా చిరాకు. అందుకని బ్యాటరీని స్టాక్‌లోనే పెట్టుకునే క్రేన్ స్టాక్ తెప్పించాను.

ఇండియానా రాష్ట్రంలో క్రేన్ అనే ఊళ్లో అమెరికా నౌకాదళం వాళ్ల కేంద్రం ఉంది, ఈ స్టాక్ డిజైన్ అక్కడిది. అసలు తుపాకీలో రెండు పక్కలా ఉండే గొట్టాలు లైట్లకీ సైట్లకీ విడి బ్యాటరీలు దాచుకోవడానికి. మన ఆటతుపాకీలో అదే గొట్టాల్లో తుపాకీని నడిపే బ్యాటరీయే కూర్చుంటుంది.

శుక్రవారం రాత్రి: కొలతలు

పార్సిల్ విప్పగానే బిగించి చూడాలని చెయ్యి లాగుతుంది. ముందు కాలిపర్ తీయడం మేలు. అసలు తుపాకుల బఫర్ ట్యూబులు రెండు రకాలు: మిల్‌స్పెక్ అయితే బయటి వ్యాసం 1.148 అంగుళాలు, అంటే సుమారు 29.2 మిల్లీమీటర్లు, కమర్షియల్ అయితే 1.168 అంగుళాలు, సుమారు 29.7. అరమిల్లీమీటరే తేడా. ఎయిర్‌సాఫ్ట్ కంపెనీలు ఈ రెండింటికీ అటూ ఇటూగా తమకు తోచిన కొలత పెట్టుకుంటాయి, కాబట్టి పెట్టె మీద ‘ఎమ్4లన్నిటికీ సరిపోతుంది’ అని ఉన్నా దాన్ని నమ్ముకోకూడదు. నా ట్యూబు 29.1 దగ్గర తేలింది. కొత్త స్టాక్ లోపలి కొలత 29.8. కాస్త ఊగుతుందని బిగించకముందే తెలిసిపోయింది. ఊగడం ఫరవాలేదు, టేపుతో సరిచేయొచ్చు. బిగుతైతేనే తలనొప్పి, స్టాక్ లోపలంతా ఎమరీ పేపర్‌తో అరగదీస్తూ కూర్చోవాలి.

పాత స్టాక్ తీయడం తేలిక. లివర్ నొక్కితే స్టాక్ ముందుకీ వెనక్కీ జరుగుతుంది గానీ బయటికి రాదు. లివర్ కింద కనిపించే పిన్నుని కిందికి గట్టిగా లాగి పట్టుకుంటే ట్యూబు గాడిలోంచి తప్పుకుంటుంది, అప్పుడు స్టాక్ మొత్తం జారి చేతిలోకి వచ్చేస్తుంది. కొత్తది ఎక్కించడం కూడా అంతే, వెనక నుంచి ముందుకి.

తర్వాత అట్టముక్కల పని. ఈ మొత్తంలో నాకు బాగా పనికొచ్చింది ఇదే. బ్యాటరీ కొనకముందు, అమ్మేవాళ్లు ఇచ్చిన పొడవు, వెడల్పు, మందాల ప్రకారం అట్టను పొరలు పొరలుగా అతికించి ఉత్తుత్తి సెల్లులు రెండు చేశాను. వాటిని పక్క గొట్టాల్లో పెట్టి వెనక మూత వేసి చూశాను. సెల్లు పొడవు చెప్పేటప్పుడు వైరు బయటికి వచ్చి వంగే చోటుని ఎవరూ లెక్కలోకి తీసుకోరు, దానికి ఇంకో సెంటీమీటరు కలుపుకోవాలి. అలా కలిపితే నేను మొదట ఎంచుకున్న ప్యాక్‌కి మూత పడలేదు, అట్ట నలిగింది. అదే చోట నిజం లైపో ఉండి ఉంటే? దాని చుట్టూ గట్టి డబ్బా ఏమీ ఉండదు, పల్చటి సంచి అంతే. నలిగితే లోపల షార్ట్ అవుతుంది, ఉబ్బుతుంది, అంటుకోవచ్చు కూడా. బ్యాటరీని నొక్కి పెట్టి మూత వేయాల్సి వస్తే ఆ బ్యాటరీ ఆ స్టాక్‌కి పనికిరాదు, దీంట్లో బేరం లేదు.

కాబట్టి రెండు ముక్కలుగా విడిపోయి మధ్యలో వైరు ఉండే 7.4 వోల్టుల ప్యాక్ తీసుకున్నాను, 1200 ఎంఏహెచ్, 20సీ. ఒక్కో పక్కన ఒక్కో సెల్లు. 1200 ఎంఏహెచ్ అంటే 1.2 ఆంపియర్-అవర్లు, 20సీ అంటే దానికి 20 రెట్ల కరెంటు ఇవ్వగలదని: 1.2ని 20తో హెచ్చిస్తే 24 ఆంపియర్లు. మామూలు స్ప్రింగు, మామూలు మోటారు ఉన్న తుపాకీకి ఇది చాలు.

మా టీమ్‌లో కుర్రాడికి ఇది నచ్చలేదు. “అన్నా, ఇంత కష్టపడి 7.4 పెడతావా? 11.1 పెట్టేయ్, ట్రిగ్గర్ నొక్కగానే పేలుద్ది.”

“ముందు కాంటాక్టులు కాలకుండా చూసుకోనీరా,” అన్నాను.

వాడు చెప్పేదాంట్లో తప్పు లేదు, 11.1కి ట్రిగ్గర్ స్పందన నిజంగానే చురుగ్గా ఉంటుంది. కానీ నా గేర్‌బాక్స్‌లో ఇంకా మాస్‌ఫెట్ (మోటారు కరెంటు ట్రిగ్గర్ మీదుగా పోకుండా చూసే ఎలక్ట్రానిక్ స్విచ్) లేదు. మోటారుకి వెళ్లే కరెంటంతా ట్రిగ్గర్ దగ్గరి రాగి రేకుల మీదుగానే పోతోంది. వోల్టేజీ పెంచిన కొద్దీ అక్కడ నిప్పురవ్వ పెద్దదవుతుంది, రేకులు నల్లబడి, గుంటలు పడి, చివరికి కరెంటు అందదు. మరో మాట, కొత్తవాళ్లు తరచూ అడిగేది: బ్యాటరీ మారిస్తే బీబీ వేగం పెరగదు. పిస్టన్‌ని ముందుకి కొట్టేది స్ప్రింగు, బ్యాటరీ చేసేదల్లా దాన్ని వెనక్కి లాగడం. 1991లో టోక్యో మరుయి ఫమాస్‌తో తొలి ఎలక్ట్రిక్ తుపాకీ తెచ్చినప్పటి నుంచీ పద్ధతి ఇదే. వోల్టేజీ పెరిగితే ఎక్కువయ్యేది నిమిషానికి పడే గుళ్ల సంఖ్య, గేర్ల అరుగుదల.

శనివారం: వైరు

స్టాక్ మార్చడం అంటాం గానీ అసలు పనంతా వైరుది. స్టాక్ ట్యూబు మీద జరుగుతుంది, బ్యాటరీ స్టాక్‌తో పాటే జరుగుతుంది, వైరు మాత్రం గేర్‌బాక్స్‌కి కట్టుబడి ఉంటుంది. నా ట్యూబు మీద స్టాక్ ఆగే మొదటి నొక్కుకీ చివరి నొక్కుకీ మధ్య 8 సెంటీమీటర్ల పైనే దూరం. స్టాక్ పూర్తిగా బయటికి లాగినప్పుడు వైరు తెగేలా బిగుసుకోకూడదు. లోపలికి తోసినప్పుడు మిగిలిన వైరు ట్యూబు అంచుకీ స్టాక్ గోడకీ మధ్య ఇరుక్కోకూడదు. పాత వైరు ట్యూబు వెనక అంచు దాకానే వచ్చింది, కాబట్టి పొడిగించక తప్పలేదు.

16 గేజ్ సిలికాన్ వైరు వాడాను. ఇంకాస్త సన్నటి 18 గేజ్ అయితే పనికిరాదా అంటే పనికొస్తుంది. లెక్క చూడండి: రానూ పోనూ కలిపి 40 సెంటీమీటర్లు పొడిగిస్తే 16 గేజ్‌కి నిరోధం సుమారు 5 మిల్లీ ఓమ్‌లు, 18 గేజ్‌కి 8 పైచిలుకు. 20 ఆంపియర్లు లాగినా ఒకదాంట్లో 0.1 వోల్టు, ఇంకోదాంట్లో 0.17 వోల్టు పోతుంది. తేడా వోల్టులో పదో వంతు కూడా లేదు. 16 గేజ్ ఎంచుకున్నది అది ఇంట్లో ఉంది కాబట్టి, సిలికాన్ తొడుగు సులువుగా వంగుతుంది కాబట్టి. గేజ్ గురించి గంటలకొద్దీ వాదించుకునేవాళ్లు బ్యాటరీతో పాటు మామూలుగా వచ్చే మినీ టమియా రకం ప్లగ్గుని మాత్రం అలాగే ఉంచేస్తారు. ఆ ప్లగ్గులో సన్నటి రేకు మడతలు కొన్నాళ్లకి వదులవుతాయి, వేడెక్కేది అక్కడే. నేను దాన్ని తీసేసి డీన్స్ ప్లగ్గు వేశాను.

డీన్స్‌కి సోల్డరింగ్ చేసేటప్పుడు రెండు విషయాలు. దాని రాగి నాలుకలు లావు, వేడినంతా పీల్చేస్తాయి. ఐరన్‌ని 370 డిగ్రీల దగ్గర పెట్టి, వెడల్పు మొన వాడి, నాలుకకీ వైరుకీ విడివిడిగా సీసం పట్టించి తర్వాత కలిపితే ఒక్క క్షణంలో అతుక్కుంటాయి. రెండోది, ప్లగ్గు ఆడ మగ ముక్కలు రెండూ ఒకదాంట్లో ఒకటి గుచ్చి ఉంచి చేయాలి, లేకపోతే వేడికి ప్లాస్టిక్ మెత్తబడి నాలుక పక్కకి ఒరుగుతుంది. హీట్ ష్రింక్ గొట్టం ముక్కల్ని ముందే వైరుకి ఎక్కించి దూరంగా జరిపి ఉంచుకోండి. బ్యాటరీ వైపు ప్లగ్గుని మాత్రం ఇంట్లో మార్చకుండా డీన్స్ ఉన్న ప్యాకే కొన్నాను. మార్చక తప్పకపోతే ఒకసారికి ఒక్క వైరే కత్తిరించి, అది అతికించి, కప్పేశాకే రెండోది ముట్టుకోవాలి. రెండు వైర్లూ కలిపి కత్తెరతో కట్ చేస్తే ఆ కత్తెరే షార్ట్ సర్క్యూట్.

ఎర్ర వైరుకి 20 ఆంపియర్ల ఫ్యూజు. లైపో షార్ట్ అయితే వందల వాట్లు ఒక్కసారిగా కక్కేస్తుంది, భుజానికి ఆనించి, చెంప పెట్టి గురి చూసే చోట అది జరగకూడదు. కార్లలో వాడే చిన్న బ్లేడు ఫ్యూజే, దాని తొడుగు కాస్త లావు. స్టాక్ వెనక మూత దగ్గర పెడితే బ్యాటరీని నొక్కుతోంది. అందుకని బఫర్ ట్యూబు వెనక నోట్లో, లోపలికి జారిపోకుండా నురుగు ముక్క అడ్డుపెట్టి అక్కడ కూర్చోబెట్టాను. ట్యూబు అంచుని వేలితో తడిమితే గోరు గీసుకునేంత పదునుగా ఉంది. వైరు తొడుగుని కోసేది అదే. ఆకురాయితో గుండ్రంగా రాసి, లోపలి రజనంతా ఊది, అంచుకి రెండు చుట్లు గుడ్డ టేపు వేశాను. మిగిలిన వైరుని పంచె కుచ్చిళ్లలా మడిచి ట్యూబులోకి తోస్తే, స్టాక్ లాగినప్పుడు విప్పుకుని, తోసినప్పుడు మళ్లీ లోపలికి సర్దుకుంటోంది. చుట్టగా చుడితే అలా సర్దుకోదు, మెలిక పడుతుంది.

ఊగుడు సంగతి: మామూలు ఎలక్ట్రికల్ టేపు మందం 0.18 మిల్లీమీటర్లు. ట్యూబుకి రెండు పక్కలా పొడవునా చెరో పట్టీ, కింద పిన్ను దిగే రంధ్రాల జోలికి పోకుండా. చాలావరకు ఊగుడు పోయింది. ఎండకి ఈ టేపు జిగురు కారడం ఖాయం, టెఫ్లాన్ టేపు వచ్చాక మారుస్తాను.

ఆదివారం: మొదటిసారి నడపడం

మ్యాగజైన్ తీసేసి, బ్యారెల్‌లో బీబీ లేదని చూసుకుని, గ్యారేజీలో. ప్లగ్గు పెట్టకముందు మల్టీమీటర్‌తో ధ్రువాలు సరిచూశాను. పూర్తి చార్జ్‌లో 8.4 వోల్టులు, సెల్లుకి 4.2. ముందు సెమీలో ఒక్కొక్కటి, తర్వాత ఆగకుండా పేలే ఆటోలో చిన్న చిన్న విడతలు. ప్రతి విడతకీ ఆగి ప్లగ్గు, ఫ్యూజు తొడుగు, సోల్డర్ చేసిన చోట్లు వేళ్లతో తాకి చూశాను. వేడి లేదు. స్టాక్‌ని ఒక్కో నొక్కుకి జరుపుతూ మళ్లీ అదే.

ఇక్కడ ఈ డిజైన్ లోటు ఒకటి తెలిసింది. బ్యాటరీ లోపల ఉంటే స్టాక్‌ని పూర్తిగా ముందుకి తోయడం కుదరదు. ట్యూబు వెనక అంచు వచ్చి రెండు సెల్లుల మధ్య వైరుకి తగులుతుంది. అందుకే మొదటి రెండు నొక్కులు వాడకూడదని ట్యూబు మీద తెల్ల పెయింటుతో గీత పెట్టాను. నా చేతుల పొడవుకి ఆ నొక్కులతో పనీ లేదు. పొట్టిగా పట్టుకోవాలనుకునేవాళ్లు మాత్రం కొనకముందు ఈ సంగతి ఆలోచించుకోండి.

ఇంకొకటి, బ్యాలెన్స్ లీడు. చార్జర్‌కి పెట్టే ఆ చిన్న తెల్ల ప్లగ్గు, దాని సన్నటి వైర్లు మూత వేసేటప్పుడు సరిగ్గా గొళ్లెం కిందికే వచ్చి పడుతున్నాయి. ఒక్కసారి గట్టిగా నొక్కితే తొడుగు చితికి రెండు వైర్లు తగులుకుంటాయి, పైగా మన ఫ్యూజు ఆ దారిలో లేదు. లీడుని సెల్లు పక్కకి మడిచి టేపుతో అతికించేశాను.

బరువు వెనక్కి మారింది. ఒంటిచేత్తో పట్టుకుని మ్యాగజైన్ మార్చడం ఇదివరకటి కన్నా హాయిగా ఉంది.

చార్జింగ్ గురించి మా ఆవిడ షరతు, “వంటింట్లో మాత్రం పెట్టొద్దు.” న్యాయమే. గ్యారేజీలో సిమెంటు నేల మీద, లైపో సంచిలో, బ్యాలెన్స్ మోడ్‌లో 1.2 ఆంపియర్ల దగ్గర పెడుతున్నాను, మనిషి దగ్గర ఉన్నప్పుడే. వారం దాకా ఆట లేదంటే సెల్లుకి 3.8 వోల్టుల దగ్గర ఆపేసి దాచడం. ఎండాకాలం కారు డిక్కీలో వదిలేయడం అసలు వద్దు.

తరువాతి శనివారం: ఆటలో

ఇంటి నుంచి కారు దాకా తుపాకీ సంచిలోనే. మొనకి చట్టప్రకారం కనీసం 6 మిల్లీమీటర్ల నారింజ రంగు ఉన్నా, దూరం నుంచి చూసే పక్కింటాయనకి అది కనపడదు. మైదానంలో క్రోనో (బీబీ వేగం కొలిచే పరికరం) దగ్గర 0.20 గ్రాముల బీబీతో వేగం పాత అంకెల్లోనే ఉంది, ఉండాల్సింది కూడా అంతే.

మధ్యాహ్నం విరామం దాకా ఒక్క ప్యాకే వచ్చింది. ఆపి చూస్తే సెల్లుకి 3.7 పైన. మార్చాల్సి వచ్చినప్పుడు గ్లవ్స్ తీయకుండానే మూత తెరిచి, ప్లగ్గు లాగి, కొత్తది పెట్టేశాను. దీనికోసమే కదా ఇంత తంటా. కాకపోతే మోకాళ్ల మీద పాకి ఓ గోడ చాటుకి చేరేసరికి వెనక మూత సగం తెరుచుకుని కనిపించింది. గొళ్లెం ప్లాస్టిక్ మెత్తగా ఉంది, నేలకి తగిలితే జారిపోతోంది. ఆ పూటకి వెల్క్రో పట్టీ చుట్టి నెట్టుకొచ్చాను.

ఇంకా మిగిలినవి: గొళ్లెం కొక్కేనికి పల్చటి ఇత్తడి రేకు అతికించి చూడాలి, అది నిలవకపోతే మూత మొత్తం వేరేది తెప్పించాలి. టెఫ్లాన్ టేపు దారిలో ఉంది. మాస్‌ఫెట్ కొన్నాను గానీ దానికి గేర్‌బాక్స్ విప్పాలి, అది లాంగ్ వీకెండ్ పని. అది పెట్టాక 11.1 వోల్టుల మూడు సెల్లుల ప్యాక్‌కి మళ్లీ అట్టముక్కలు కత్తిరిస్తాను. మూడో సెల్లు ట్యూబులోకి వెళ్లాలంటే ఫ్యూజు అక్కడి నుంచి లేవాలి, దానికి వేరే చోటు ఇంకా దొరకలేదు.