హాస్టల్ రూమ్ ఖాళీ చేసొచ్చా

2020 మార్చి 11న డబ్ల్యూహెచ్ఓ కరోనాని పాండమిక్ అని ప్రకటించిన రోజు మా గోలల్లా ఇంటర్నల్స్ వాయిదా పడతాయా లేదా అనే. ఆ తర్వాత కొన్నాళ్ళకే హాస్టల్ మూసేశారు, రెండు వారాలేగా అని రెండు జతల బట్టలు, ఛార్జర్ బ్యాగులో కుక్కుకుని వెళ్ళిపోయాం. ఆ రెండు వారాల్లో ఫైనల్ సెమ్ అయిపోయింది, వైవా అయిపోయింది, ఫేర్‌వెల్ కూడా వీడియో మీటింగ్‌లో పెట్టుకుంటే ఫ్రీ అకౌంట్ కదా, ఒకడు పాడుతుండగానే 40 నిమిషాలకి కట్ అయింది. సామాన్లు మాత్రం రూమ్‌లోనే. నెలలు గడిచాక వచ్చి తీసుకెళ్ళండి అని మెసేజ్ వస్తే బయల్దేరా.

ట్రైన్‌లో మాస్క్, దాని మీద ఫేస్ షీల్డ్, ఊపిరి తగిలి షీల్డ్ మసకబారి కిటికీలోంచి ఏం కనపడితే ఒట్టు. నీళ్ళు తాగుతుంటే పొలమారి దగ్గొచ్చింది, బోగీ మొత్తం తిరిగి చూసింది, పక్కాయన మాట్లాడకుండా లేచెళ్ళిపోయాడు. మంచిదే, కాళ్ళు చాపుకున్నా.

గేటు దగ్గర థర్మల్ గన్, ఆర్టీపీసీఆర్ నెగటివ్ రిపోర్ట్, లోపలికి ఒక్కొక్కరే, గంటలో బయటికొచ్చేయాలి. లక్షణాలు బయటపడ్డానికే 14 రోజుల దాకా పట్టొచ్చు, చాలామందికి జ్వరమే రాదు, ఇంక ఆ గన్ ఎవర్ని పట్టుకుంటుందో మరి.

తాళం తుప్పు పట్టింది. లోపల బకెట్‌లో నానేసిన జీన్స్, నీళ్ళెప్పుడో ఆవిరైపోయి బకెట్ షేప్‌లోనే బిగుసుకుపోయి ఉంది, బూట్ల మీద తెల్లగా బూజు. రూమ్మేట్‌కి వీడియో కాల్ చేశా. "రికార్డులు పారేయరా... ఆగాగు, ఓసారి చూపించు" అంటూ ప్రతిదానికీ ఇదే. దిండు కింద వాడి ల్యాప్‌టాప్ దొరికింది, బ్యాటరీ ఉబ్బి టచ్‌ప్యాడ్ పైకి లేచిపోయింది. అది ఇక్కడే ఉండిపోయి వాడు ప్రాజెక్ట్ రిపోర్ట్ మొత్తం పగిలిన ఫోన్ స్క్రీన్ మీద బొటనవేళ్ళతో కొట్టాడు, నెట్ కోసం డాబా ఎక్కి ఎండలో క్లాసులు విన్నాడు, ఇప్పుడు అందరూ మమ్మల్ని కరోనా బ్యాచ్, ఊరికే పాసయ్యారు అంటారు. అప్పట్లో ఎవరో మా గ్రూప్‌లో ఫార్వర్డ్ కూడా పెట్టారు, 1665లో ప్లేగొచ్చి కేంబ్రిడ్జ్ మూసేస్తే న్యూటన్ ఇంట్లో కూర్చుని కాలిక్యులస్ మీద పనిచేశాడు, మరి మీరేం చేస్తున్నారు అని. "ఆయన ల్యాప్‌టాప్ హాస్టల్లో ఉండిపోలేదుగా" అని వాడి రిప్లై.

వాడి పెట్టె పార్సిల్ వేశా, ఉబ్బిన బ్యాటరీ చూసి ల్యాప్‌టాప్ మాత్రం తీసుకోం అన్నారు. చేసేదేముంది, నా బ్యాగులోనే పెట్టుకున్నా, తిరుగు ట్రైన్‌లో రాత్రంతా అది ఎక్కడ అంటుకుంటుందో అన్న భయంలో పక్కన ఎవరు దగ్గారో కూడా పట్టించుకోలేదు.