‘కాజీపేట’ను ‘కాజ’ చేసే బగ్‌కు ప్యాచ్ పంపడం

జావాస్క్రిప్ట్‌లో ‘కాజీపేట’ నుంచి మొదటి మూడు అక్షరాలు ఇమ్మని ‘స్లైస్’ను (పదాన్ని కత్తిరించే ఫంక్షన్) అడిగితే ‘కాజ’ వస్తుంది. మన లెక్కలో ఆ పేరుకు 4 అక్షరాలు. స్లైస్ లెక్కలో 7, ఎందుకంటే అది గుణింతపు గుర్తులను కూడా విడిగా లెక్కపెడుతుంది. ‘వరంగల్’ను 5 దగ్గర కోస్తే పొల్లు ఊడి ‘వరంగల’ మిగులుతుంది. పొడవైన పేర్లను కత్తిరించి చివర చుక్కలు పెట్టే కోడ్ లైబ్రరీల్లో వెతికితే ఈ తప్పు దొరుకుతుంది. ఇంగ్లిష్ ఒక్కటే వాడేవాళ్లకు అది కనబడదు, మనకు వెంటనే కనబడుతుంది.

ఓపెన్ సోర్స్‌లో, అంటే ఎవరైనా చూసి మార్చగల కోడ్‌లో, మొదటి మార్పు (ప్యాచ్) పంపాలనుకునే హన్మకొండ, కరీంనగర్ విద్యార్థులకు నేను చూపించేది ఇలాంటి బగ్గులే. ప్రాజెక్టు పరిచయ ఫైల్ రీడ్‌మీలో కామా మార్చి పంపితే, దాన్ని చూసుకునే మెయింటెయినర్లకు చిరాకే. ఓపెన్ సోర్స్‌కు మార్పులు పంపేవాళ్ల కోసం అక్టోబరులో జరిగే హ్యాక్టోబర్‌ఫెస్ట్‌లో, 2020లో టీషర్టుల కోసం అలాంటివి కుప్పలు పడ్డాయి. దాంతో పాల్గొంటామని ఒప్పుకున్న రిపాజిటరీలకు (ప్రాజెక్టు కోడ్ ఉండే చోట్లు) పంపినవే లెక్క అని నిర్వాహకులు నెల మొదటి వారంలోనే నిబంధన మార్చాల్సి వచ్చింది.

ముందు ప్రాజెక్టు ఇష్యూల్లో (తప్పులు, సూచనలు రాసే చోటు) వెతకండి, మూసేసినవి కూడా చూడండి. ‘ఇది కావాలనే ఇలా ఉంచాం’ అని ఎప్పుడో తేల్చి ఉండొచ్చు. లేకపోతే కొత్తది తెరిచి ఏం ఇచ్చారో, ఏం వచ్చిందో, ఏం రావాలో మూడు లైన్లలో రాయండి. ‘అసైన్ మీ సర్’ అని కామెంట్ పెట్టి కూర్చుంటే పని కదలదు.

తర్వాత ఫోర్క్ చేసి, అంటే మీ ఖాతాలో రిపాజిటరీకి సొంత కాపీ చేసుకుని, ఆ ఫోర్క్‌ను క్లోన్ చేసి మీ కంప్యూటర్‌లోకి దింపుకోండి. ఫోన్ హాట్‌స్పాట్ మీద పెద్ద రిపాజిటరీ దింపుతుంటే ‘ఫిల్టర్=బ్లాబ్:నన్’ ఆప్షన్ వాడండి, పాత ఫైళ్లన్నీ ఒకేసారి దిగవు. అసలు రిపాజిటరీని ‘అప్‌స్ట్రీమ్’ పేరుతో రిమోట్‌గా కలపండి. ప్రధాన బ్రాంచ్ మెయిన్‌లో కాకుండా కొత్త బ్రాంచ్‌లో పని చేయండి. ప్యాకేజీలకు ‘ఎన్‌పీఎం ఇన్‌స్టాల్’ బదులు ‘ఎన్‌పీఎం సీఐ’ వాడితే, ప్యాకేజీల వెర్షన్లు రాసి ఉండే లాక్ ఫైల్ మారదు. ఒక్క లైన్ కూడా ముట్టుకోకముందే టెస్టులు నడపండి. ముందే ఫెయిలయ్యేవి ఏవో రాసి పెట్టుకోకపోతే తర్వాత ఆ నింద మీ మార్పు మీదే పడుతుంది.

ఇప్పుడు టెస్టు. ‘కాజీపేట’, హద్దు 3, రావాల్సింది ‘కాజీపే’, దాని వెనక చుక్కలు. అది ఫెయిలవడం కళ్లారా చూశాకే కోడ్ దగ్గరికి వెళ్లండి. పరిష్కారానికి ‘ఇంటల్ సెగ్మెంటర్’ ఉంది, గ్రాఫీమ్ చొప్పున, అంటే మన కంటికి ఒక అక్షరంగా కనిపించే ముక్క చొప్పున, విడగొడుతుంది. అది భాషలోనే ఉంది కాబట్టి కొత్త డిపెండెన్సీ (బయటి ప్యాకేజీ) అక్కర్లేదు. డిపెండెన్సీ పెంచే ప్యాచ్‌ను చాలామంది అక్కడికక్కడే తిప్పి పంపుతారు. సెగ్మెంటర్‌ను ఒక్కసారి తయారు చేసి మళ్లీ మళ్లీ వాడుకోండి. ప్రతి పిలుపులో కొత్తది పుట్టిస్తే వేగం పడిపోతుంది.

టెస్టులో ‘హన్మకొండ’ పెట్టాలని మనసు లాగుతుంది. వద్దు. అన్ని భాషల అక్షరాలకు నియమాలిచ్చే యూనికోడ్ ప్రమాణంలో, 2023లో వచ్చిన 15.1 నుంచి ‘న్మ’ ఒకే ముక్క, అంతకుముందు ‘న్’, ‘మ’ వేరు. అందుకే జావాస్క్రిప్ట్‌ను నడిపే ‘నోడ్’ కొత్త వెర్షన్‌లో ఆ పేరు 4 ముక్కలు, పాతదాంట్లో 5. హద్దు 3 పెడితే ఒకచోట ‘హన్మకొం’, ఇంకోచోట ‘హన్మ’ వస్తాయి. మీ ల్యాప్‌టాప్‌లో పచ్చగా ఉన్న టెస్టు, నాలుగైదు వెర్షన్ల మీద నడిచే సీఐలో (ప్రాజెక్టు తానే టెస్టులు నడిపే ఏర్పాటు) ఎర్రబడుతుంది. ‘కాజీపేట’లో ఒత్తు లేదు కాబట్టి ఆ గొడవ లేదు.

మార్పును కమిట్ చేసి భద్రపరిచే ముందు, ఏయే లైన్లు మారాయో చూపే ‘గిట్ డిఫ్’ చదవండి. ఎడిటర్ తనంతట తాను ఫార్మాట్ చేసినా, విండోస్‌లో లైన్ ఎండింగులు మారినా, మూడు లైన్ల పని మూడొందల లైన్లుగా కనిపిస్తుంది. అది ఎవరూ చదవరు. కమిట్ మొదటి లైన్ 50 అక్షరాల లోపు ఉంచి, ఒక లైన్ ఖాళీ వదిలి, కింద ఏం మారిందన్నది కాదు, ఎందుకు మారిందన్నది రాయండి. ప్రాజెక్టు డీసీఓ (ఈ కోడ్ పంపే హక్కు మీకుందన్న ధ్రువీకరణ) అడిగితే ‘గిట్ కమిట్’కు చిన్న ‘ఎస్’ ఆప్షన్ తగిలించండి, సైన్డ్-ఆఫ్-బై లైన్ అదే వచ్చి చేరుతుంది.

ఆ బ్రాంచ్‌ను మీ ఫోర్క్‌కు పుష్ చేసి, దాన్ని కలపమని పుల్ రిక్వెస్ట్ తెరవండి. రివ్యూలో మార్పులు అడిగితే కొత్త పుల్ రిక్వెస్ట్ తెరవకండి, అదే బ్రాంచ్‌కు పుష్ చేయండి. ఈలోగా మెయిన్ ముందుకు పోతే అప్‌స్ట్రీమ్‌ను ఫెచ్ చేసి రీబేస్ చేయండి, అంటే మీ కమిట్లను కొత్త మెయిన్ మీద మళ్లీ పేర్చండి. పుష్‌కు ఉత్త ‘ఫోర్స్’ కాదు, ‘ఫోర్స్-విత్-లీజ్’ వాడాలి. మీ బ్రాంచ్‌లో మెయింటెయినర్ ఏదైనా కమిట్ పెట్టి, అది మీరింకా తెచ్చుకోకపోతే, పుష్ అక్కడే ఆగిపోతుంది. జవాబు రాకపోతే రెండు వారాలు ఆగి, ఒక్కసారి మర్యాదగా గుర్తు చేస్తే చాలు.