ఆ పదకొండు రోజుల్లో పోయిన పేరు

"ముందు డొమైన్ కొనేద్దాం అక్కా, ఐదు నిమిషాల పని" అన్నాడు తమ్ముడు.

"కంపెనీయే లేదు, అప్పుడే వెబ్‌సైట్ ఎందుకురా? ముందు కాగితాలు కానీ" అన్నాను నేను.

పెద్దదాన్ని కాబట్టి నా మాటే నెగ్గింది. పాత ఫిల్మ్ కెమెరాలు, లెన్సులు బాగుచేసే పని మాది. అనుకున్న పేరు అప్పటికి ఖాళీగానే ఉందని ఆ సాయంత్రమే చూసుకున్నాం కూడా. రిజిస్ట్రేషన్‌కి దరఖాస్తు పెట్టాం. పదకొండో రోజున అది చేతికి వచ్చింది. అదే రాత్రి డొమైన్ కొందామని కూర్చుంటే, ఎవరో అప్పటికే తీసేసుకున్నారు.

ముందు చాలా కోపం వచ్చింది. మనం వెతికింది ఎవరో చూసి కాజేశారని అనుమానపడ్డాను. కొన్ని వారాలకు ఆ సైట్ తెరుచుకుంది. చూస్తే ఎక్కడో వేరే దేశంలో సంగీతం నేర్పేవాళ్ళు. వాళ్ళ భాషలో ఆ మాట ఒక పక్షి పేరట. వాళ్ళు చేసిన తప్పేమీ లేదు.

అప్పుడు నాకు అర్థమైన విషయం ఒకటుంది. కంపెనీ పేరు అది నమోదైన దేశపు కంపెనీల రిజిస్టర్ పరిధిలో మాత్రమే మనది. ఇంకో దేశంలో అదే పేరుతో ఇంకో కంపెనీ హాయిగా ఉండొచ్చు. డొమైన్ అలా కాదు, డాట్ కామ్ కింద ఒక పేరు ప్రపంచం మొత్తానికీ ఒక్కరికే. ముందు వచ్చినవాళ్ళదే. అందుకే చేతిలో రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ ఉన్నా ఆ డొమైన్ ఇమ్మని అడగలేం. డొమైన్ గొడవల కోసం, ఇంటర్నెట్ పేర్ల వ్యవస్థను చూసుకునే ఐకాన్ (ICANN) అనే సంస్థ 1999లో తెచ్చిన యూడీఆర్‌పీ అనే పద్ధతి ఉంది. దాని కింద గెలవాలంటే మూడు రుజువు చేయాలి: ఆ పేరు మన ట్రేడ్‌మార్క్‌తో కలుస్తోందని, అవతలివాళ్ళకు దాని మీద న్యాయమైన హక్కు లేదని, దురుద్దేశంతోనే కొని వాడుతున్నారని. మూడూ కావాలి. సంగీతం నేర్పేవాళ్ళ మీద నేనేం రుజువు చేస్తాను? పైగా మాకు అప్పటికి ట్రేడ్‌మార్కే లేదు. కంపెనీ పేరు నమోదైతే ట్రేడ్‌మార్క్ కూడా వచ్చేసినట్టే అనుకున్నాను. రెండూ వేర్వేరు.

ఇక మా పేరులో ఒక దీర్ఘం ఉంది. తెలుగు మాట పేరుగా పెట్టుకునే ప్రతివాళ్ళూ దీని గురించి ముందే ఆలోచించాలి. ఇంగ్లిష్ అక్షరాల్లో ఆ 'ఊ'ని కొందరు రెండు 'ఓ'లతో రాస్తారు, కొందరు ఒక్క 'యు'తో, ఇంకొందరు రెండు 'యు'లతో. రెండు 'ఓ'లది పోయింది కాబట్టి మేం ఒక్క 'యు'ది కొన్నాం. ఫోన్‌లో మెయిల్ అడ్రస్ చెప్పిన ప్రతిసారీ "ఒక్క యు అండీ, ఓ కాదు" అని చెప్పాలి. అయినా తప్పు రాస్తారు. ఒకాయన లెన్స్ ఫొటోలు పంపి వారం రోజులు ఎదురుచూసి, చివరికి ఫోన్ చేసి చాలా నొచ్చుకున్నారు. ఆ మెయిల్ మాకు రానేలేదు.

అలాగని తమ్ముడు చెప్పింది మొత్తం నిజమూ కాదు. నా స్నేహితురాలు డొమైన్ ముందే కొనేసింది, లోగో గీయించింది, డబ్బాల మీద పేరు అచ్చు వేయించింది. తర్వాత రిజిస్ట్రేషన్‌కి వెళ్తే, ఇప్పటికే ఉన్న కంపెనీ పేరుకు దగ్గరగా ఉందని తిప్పి పంపారు. డబ్బాలన్నీ వృథా.

కాబట్టి ఇప్పుడు ఎవరడిగినా నేను చెప్పేది ఇది. ఒకే సాయంత్రం మూడు చోట్లా వెతకండి: కంపెనీల రిజిస్టర్, ట్రేడ్‌మార్కుల జాబితా, డొమైన్. ట్రేడ్‌మార్కులకు, ఐక్యరాజ్యసమితి మేధో సంపత్తి సంస్థ వైపో (WIPO) వాళ్ళ గ్లోబల్ బ్రాండ్ డేటాబేస్ ఉచితంగానే చూడొచ్చు. అందులో సరుకులూ సేవలూ కలిపి 45 తరగతులు. మాలాంటి రిపేరు పని 37లోకి వస్తుంది, కెమెరాలు 9లోకి. మన తరగతిలో ఆ పేరు లేదా దాన్ని పోలినది ఉంటే అక్కడే ఆగిపోండి. మూడు చోట్లా ఖాళీగా ఉంటే లేవకముందే డొమైన్ కొనేయండి, ఒక ఏడాదికి చాలు. తర్వాత పేరు మారినా పోయేది ఆ ఏడాది రుసుమే. చేజారితే మాత్రం తిరిగి రావడం కష్టం. దగ్గరి స్పెల్లింగులు ఉంటే అవీ తీసుకోండి.

కంపెనీ ఇంకా పుట్టలేదు కాబట్టి డొమైన్ మీ పేరు మీదే కొనాల్సి వస్తుంది. మీ పేరు మీదే కొనండి, సైట్ చేసిపెట్టేవాళ్ళ పేరు మీద వద్దు. రిజిస్ట్రేషన్ రాగానే కంపెనీ పేరుకు మార్చుకోండి.

కానీ ఒకరి దగ్గర డబ్బు తీసుకునే ముందు, ఒక కాగితం మీద సంతకం పెట్టే ముందు రిజిస్ట్రేషన్ అయిపోవాలి. ఈ మాట మీద నేను ఇప్పటికీ గట్టిగానే ఉన్నాను. ఆ పదకొండు రోజుల మధ్యలోనే మేం ఆగలేక ఒక లెన్స్ ఒప్పుకున్నాం. లోపల ఫంగస్, సాలెగూడులా సన్నటి దారాలు. ముందు రింగు బిగుసుకుపోయి ఉంది. తమ్ముడు లెన్స్ స్పానర్ రెండు మొనలూ గాడిలో పెట్టి తిప్పుతుంటే ఒక మొన జారి అద్దం మీద ఇంత పొడుగు గీత పడింది. ఇద్దరం ఊపిరి బిగపట్టి ఆ గీతనే చూస్తూ ఉండిపోయాం. ఆ నష్టం మా సొంత డబ్బుతో కట్టాం. చాలా దేశాల చట్టాల్లో, కాగితం లేకపోయినా ఇద్దరు కలిసి లాభం కోసం పని చేస్తే అది భాగస్వామ్యమే. ఒకరి వల్ల వచ్చిన అప్పుకు రెండోవాళ్ళ ఆస్తి కూడా బాధ్యత వహించాల్సి వస్తుంది. పరిమిత బాధ్యత ఉన్న కంపెనీ అయితే సాధారణంగా కంపెనీ అప్పు కంపెనీ వరకే ఆగుతుంది. ఆ రాత్రి నాకు టెన్షన్‌తో నిద్ర పట్టలేదు. అది చిన్న లెన్స్ కాబట్టి సరిపోయింది.

డొమైన్ కొన్నామంటే సొంతమైందని అనుకోకండి, అద్దెకు తీసుకున్నట్టే. ఒకసారికి గరిష్ఠంగా 10 ఏళ్ళు. గడువు మరిచిపోయి అది తొలగింపులోకి పోతే, ఎక్కువ రుసుము కట్టి తెచ్చుకోవడానికి డాట్ కామ్‌కి 30 రోజుల అవకాశం ఉంటుంది. ఆ తర్వాత ఐదు రోజులకు అందరికీ ఖాళీ. తమ్ముడు దాన్ని ఆటో రెన్యూవల్‌లో పెట్టాడు, నేను కార్డు గడువు తేదీని క్యాలెండర్‌లో రాసుకున్నాను.

పోయిన నెల ఆ సంగీతం వాళ్ళ దగ్గర నుంచి ఒక మెయిల్ వచ్చింది. దారి తప్పి వాళ్ళకు చేరిన ఉత్తరం, దాంతోపాటు ఫంగస్ పట్టిన లెన్స్ ఫొటోలు మూడు. "ఇది మీకు రావాల్సింది అనుకుంటున్నాం" అని రాశారు. వెంటనే థాంక్స్ చెప్పి, ఆ లెన్స్ ఆవిడకు ఫోన్ చేశాను.