లాయర్ని కాదు, కేస్ మేనేజర్ని

అమెరికాలో మా కౌంటీ డ్రగ్ కోర్టులో పనిచేస్తున్నానంటే ఊళ్లో చుట్టాలు "లాయరువా?" అంటారు. కాదు మహాప్రభో!

మత్తుకు బానిసై కేసుల్లో ఇరుక్కున్నవాళ్ల కోసం 1989లో మయామీలో మొదలైన పద్ధతి ఈ డ్రగ్ కోర్టు. జైలుకు బదులు ఏడాది, ఒక్కోసారి అంతకు మించి చికిత్స, చెప్పాపెట్టకుండా మూత్ర పరీక్షలు, తరచూ జడ్జి ముందు హాజరు. బాగానే ఉంది. కానీ డ్రైవింగ్ లైసెన్స్ పోయినవాడు పొద్దున టెస్టుకి, మధ్యాహ్నం కౌన్సెలింగ్‌కి, సాయంత్రం డ్యూటీకి ఎలా వెళ్తాడు? బస్సు పాసు, ఐడీ కార్డు, అద్దెకో గది... నా రోజంతా వీటికే సరి.

నిన్న, ఇదే కోర్టులో చికిత్స పూర్తిచేసి "గ్రాడ్యుయేట్" అయిన ఒకాయన కొత్త కుర్రాణ్ణి తన ట్రక్కులో తీసుకొచ్చాడు. దారిలో టిఫిన్ కూడా పెట్టించాడట! జీతం లేదు, ఎవరూ చెప్పలేదు. నా ఫైళ్లకంటే ఆ ట్రక్కే ఎక్కువ పని చేస్తోందని నా అనుమానం. వచ్చే వారం ఇంకో ఇద్దరికి రైడ్ కావాలి, మొహమాటపడకుండా ఆయన్నే అడుగుతా.